మూత తెరుచుకోని ఫోనుతో కడపకు

మా అక్క మనవరాలి నామకరణానికి కర్నూలు నుంచి కడపకు వెళ్లి వచ్చినవాడు ఆ వేడుక గురించి రాయాలి. నేను ఫోను గురించి రాస్తున్నాను. బస్సు ఓర్వకల్లు దాటేసరికి చొక్కా జేబులో ఏదో వేడిగా తగిలింది. తీసి చూస్తే ఫోను తెర ఒక అంచున పైకి లేచి, వెనక పలక నడుమ పూరీలా ఉబ్బి ఉంది. కొని రెండేళ్ల నాలుగు నెలలే అయింది. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే అన్న సంగతి కడప అంగట్లో నాకు తెలిసివచ్చింది.

పక్క సీటాయన నా చేతిలోని వస్తువును చూసి, ముందుగా కిటికీ అద్దం జరిపి, ఆ తరువాత నోరు విప్పారు. "స్విచ్చాఫ్ చేయండి సార్. ఛార్జింగు పెట్టాకండి, ఒత్తాకండి, పిన్నుతో పొడవాకండి." నేను ఆపేశాను. ఫంక్షన్ హాలు చిరునామా, అక్క నంబరు, డబ్బు, చివరికి టైము కూడా ఆ ఉబ్బిన పలక వెనకే ఉండిపోయాయి. టికెట్టు పోగా నా చేతిలో మిగిలిన నగదు 260 రూపాయలు.

ఇలాంటి భయం నాకు ఇంతకుముందు ఒక్కసారే కలిగింది. నా మొదటి ఫోను నోకియా 1100. 2003లో వచ్చి, ప్రపంచమంతటా సుమారు 25 కోట్లు అమ్ముడుపోయిన ఆ ఫోనుకు నెత్తిన చిన్న టార్చిలైటు ఉండేది. కరెంటు కోతల కాలంలో మా ఇంట్లో దాన్ని మాట్లాడడానికి వాడినదానికంటే దారి చూసుకోవడానికి వాడిందే ఎక్కువ. 2007 ఆగస్టులో, జపానుకు చెందిన మాత్సుషితా సంస్థ తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు, అంటే నా ఫోనులో వేసే రకంవే, ఛార్జింగులో వేడెక్కవచ్చునని, కోరినవారికి ఊరికే మార్చి ఇస్తామని నోకియా ప్రకటించింది. ఆ వార్త వచ్చిన రోజు మా కార్యాలయంలో ఒక్క ఫైలు కదలలేదు. అందరం వెనక మూతలు తీసి, బ్యాటరీ మీద చీమల బారులా ఉన్న 26 అక్షరాల సంఖ్యను ఒకరిది ఒకరం చదివి చెప్పుకున్నాం. భయపడ్డాం గాని, భయపడిన వస్తువును గోటితో ఊడదీసి బల్ల మీద పెట్టగలిగాం. ఇప్పుడు నా ఒళ్లో ఉన్నదాన్ని మాత్రం గాజుపాత్రలో పాములా పట్టుకుని కూర్చోవడం తప్ప వేరే దారి లేదు.

పక్క సీటాయన ఫోన్ల పంపిణీదారు దగ్గర వసూళ్లు చూసే మనిషి. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, ఇలా బస్సు ఆగిన ప్రతి ఊళ్లోనూ కిటికీలోంచి అంగళ్ల బోర్డులు చూపిస్తూ, శాసనాలు చదివే పండితునిలా ఆ వీధుల చరిత్ర చెప్పుకొచ్చారు. బోర్డు కంపెనీవాళ్లే ఊరికే పెట్టి పోతారట, అది వెలగడానికయ్యే కరెంటు బిల్లు మాత్రం అంగడివాడిదేనట. ఒక ఊళ్లో పాత నీలిరంగు నోకియా రేకును బజ్జీల బండికి గాలి తగలకుండా అడ్డం కట్టారు. శ్రీపెరుంబుదూరులో 2006లో తెరిచిన ఆ కంపెనీ కర్మాగారం 2014 నవంబరులో మూతపడింది. రేకు మాత్రం ఇంకా తుప్పు పట్టలేదు. దాని తరువాతి పొర మన దేశపు మైక్రోమాక్స్‌ది. కరెంటు సరిగా లేని పల్లెల కోసం ఒకసారి ఛార్జింగు పెడితే నెల రోజులు నిలిచే ఫోనంటూ 2008లో ఎక్స్1ఐ తెచ్చి నిలదొక్కుకున్న కంపెనీ అది. "షావోమీ అయితే బోర్డే లేకుండా వచ్చింది సార్, మేం చూసుకునేలోపల దూరిపోయింది" అని ఆయన నిట్టూర్చారు. నిజమే. 2014 జులైలో ఫ్లిప్‌కార్టులో క్షణాల్లో సరుకు అయిపోయే అమ్మకాలతో మొదలైన ఆ కంపెనీ 2017 చివరికి మన దేశంలో సామ్‌సంగ్‌ను దాటేసింది. ఒప్పో, వివోలు దానికి పూర్తిగా ఎదురుదారి పట్టి, పల్లె అంగడిని కూడా వదలకుండా బోర్డులు నింపాయి. 2016 సెప్టెంబరులో జియో 4జీ వచ్చేసరికి మన దేశపు కంపెనీల చేతిలో ఎక్కువగా 3జీ సరుకే ఉండిపోయిందనీ, ఆ ఏడాది తాను వసూలుకు వెళితే అంగడివాళ్లు డబ్బుకు బదులు పాత పెట్టెలే తిరిగి ఇచ్చారనీ చెప్పి ఆయన మైదుకూరులో దిగిపోయారు. దిగేముందు నా ఫోను వైపు మరొకసారి చూసి, కడపలో అయితే మెకానిక్కు దగ్గరికే వెళ్లండి, షోరూముకు వెళ్తే మళ్లీ బయటికి రారు అని హెచ్చరించారు. నేను వినలేదు.

కడప బస్టాండు నుంచి ఏడురోడ్ల కూడలికి ఆటో 120 రూపాయలు అడిగాడు. ఆ దూరానికి అది అన్యాయం. దానికి రెండు కారం దోసెలు వస్తాయి. వందకు ఒప్పించి దిగి, ఎదురుగా కనిపించిన పెద్ద ఫోన్ల అంగట్లోకి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టగానే నాలుగు రంగుల టీషర్టుల్లో నలుగురు కుర్రాళ్లు "రండి సార్, రండి సార్" అంటూ చుట్టుముట్టారు. వాళ్లు అంగడివారి మనుషులు కారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క కంపెనీ జీతమిస్తుంది. నాలుగు ఫోన్లు వరుసగా బల్ల మీదికి వచ్చాయి. నాలుగింటికీ ఒకే పొడవు, వెనక ఒకే చోట మూడు కళ్లు, ధర 13,999 నుంచి 14,499 లోపల. ఎదుటివాడి ఫోనులో ఏం లోపమో నలుగురూ నాకు చెప్పారు. అందరూ చెప్పిన లోపం ఒకటే కావడం వల్ల నాకు నవ్వు వచ్చింది.

వాళ్లు ఏ కంపెనీల వారన్నది అటుంచితే, ఈ వ్యాపారంలో పగవారిలా కనిపించేవారిలో కొందరు నిజానికి దాయాదులు. ఒప్పో, వివోల మూలం చైనాలోని బీబీకే సంస్థ. వన్‌ప్లస్‌ను 2013లో నెలకొల్పినది ఒప్పోలో పనిచేసి వచ్చినవారు. రియల్‌మీ 2018లో ఒప్పో ఉపపేరుగా మొదలై విడి కాపురం పెట్టింది. దాయాదులు కానివారు కూడా చివరికి ఒకరి అడుగులో ఒకరు అడుగు వేయక మానరు. ఐఫోను 2007లో పుట్టినప్పటి నుంచి దాని బ్యాటరీ వాడేవాడి చేతికి అందేది కాదు. 2014లో సామ్‌సంగ్, విమానాశ్రయంలో గోడల పక్కన ఛార్జరు తీగలకు అతుక్కుపోయి కూర్చున్న ఐఫోను వాళ్లను ఎగతాళి చేస్తూ, తన బ్యాటరీ మార్చుకోవచ్చునని ప్రకటన తీసింది. మరుసటి ఏడాది అదే కంపెనీ తెచ్చిన గెలాక్సీ ఎస్6కు తెరుచుకునే మూత లేదు. 2020 అక్టోబరులో యాపిల్ పెట్టెలోంచి ఛార్జరు తీసేసినప్పుడు సామ్‌సంగ్ మళ్లీ ఎగతాళి చేసింది; 2021 జనవరిలో ఎస్21 పెట్టెలోనూ ఛార్జరు లేదు. ఇంతమంది ఇంతగా పోటీపడుతున్నప్పుడు ఎవరో ఒకరైనా మూత తెరుచుకునే ఫోను అమ్మాలి కదా అనుకుని ఆ నలుగురినీ అడిగాను. వాళ్లలో పెద్దవాడికి ఇరవై రెండేళ్లు ఉండవచ్చు. అతడు బాధగా చూసి, "ఇప్పుడు అట్లాంటివి రావు సార్. తీసే పనేముంది? రెండేళ్లకు మీరే మార్చేస్తారు" అన్నాడు. పలుచగా ఉండాలన్నా, నీళ్లు చొరకుండా ఉండాలన్నా అతికించక తప్పదని రెండోవాడు సర్దిచెప్పాడు. అందులో నిజం ఉంది గాని, నేను ఫోనుతో ఏ చెరువులోనూ దిగబోవడం లేదు.

నేను ఆలోచనలో పడడం చూసి ఫైనాన్స్ కుర్రాడు వచ్చాడు. 2,800 కడితే చాలు, మిగిలింది తొమ్మిది నెలల్లో తీరిపోతుందట. ఆధార్ నంబరు చెబితే పది నిమిషాలట. ఓటీపీ వచ్చే ఫోనే చచ్చిపడి ఉండడం ఆ పూట నన్ను కాపాడింది. బిల్లు నమూనా మీద 18 శాతం జీఎస్టీ చూసి, 2020 ఏప్రిల్‌కు ముందు ఇది 12 శాతమే కదా అన్నాను గాని, ఆ అంగట్లో 2020ని గుర్తుపెట్టుకునే వయసు ఎవరికీ ఉన్నట్టు కనిపించలేదు.

మెకానిక్కు వెనక సందులో దొరికాడు. మంచమంత అంగడి. ఉబ్బిన ఫోనును ముట్టుకునే ముందు ఇసుక పోసిన డబ్బా పక్కన పెట్టుకున్నాడు. వేడి పలక మీద ఉంచి, జిగురు మెత్తబడ్డాక, రబ్బరు బొడిపెతో పట్టి లాగుతూ, ప్లాస్టిక్ రేకును అంచు వెంబడి వెన్న కోసినట్టు నడిపించాడు. మూత రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. లోపలి ద్రవం చెడి గ్యాసు పుట్టడం వల్ల ఉబ్బుతుందనీ, వేసవిలో తనకు రోజుకు మూడు నాలుగు వస్తాయనీ చెప్పాడు. యూరప్ సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే పరికరాల బ్యాటరీని వాడేవాడే విప్పుకోగలగాలనీ, ఫోన్లకు కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయనీ నేను చదివినదేదో చెబితే, అతడు తల ఎత్తకుండానే "అయితే మా పని పోతుందన్నమాట" అన్నాడు. అతని గోడకు వేలాడే కవర్లలో బీఎల్-5సీలు ఇంకా ఉన్నాయి. కీప్యాడు ఫోన్లకు, చిన్న స్పీకర్లకు, రేడియోలకు ఇప్పటికీ అడుగుతారట. కూలితో కలిపి 850 అడిగాడు. నా దగ్గర 160 ఉన్నాయి. ఫోను బతికితేనే డబ్బు పుడుతుందని చెబితే, బ్యాటరీ వేసి, వెలిగించి, తన క్యూఆర్ పలకను ముందుకు జరిపాడు.

హాలుకు చేరేసరికి పాపను ఉయ్యాలలోంచి కూడా తీసేశారు. అక్క మాట్లాడలేదు. మా బావ మాత్రం ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, ఆ 850కి ఇంకొంచెం కలిపితే కొత్తదాని మొదటి కంతు అయిపోయేది కదా బావా అన్నాడు.

రాత్రి తిరుగు బస్సులో, దువ్వూరు దగ్గర కాబోలు, జేబులోంచి ఫోను తీసి తడిమితే వెనక పలక ఒక మూల సరిగా అతుక్కోలేదని తెలిసింది. గోరు దూరేంత సందు ఉంది. నీళ్లు పోకుండా చూసుకోండి, కావాలంటే మళ్లీ వస్తే జిగురు పెడతానని మెకానిక్కు ముందే చెప్పాడు. కర్నూలు చేరేదాకా ఆ సందులో గోరు పెట్టి, పలకను కొంచెం ఎత్తి, వదిలి, మళ్లీ ఎత్తుతూ కూర్చున్నాను.