గడ్డివేషంలో ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు

క్రిస్మస్ రోజంతా డ్యూటీ చేసి ఒళ్లు హూనమైపోయింది. 26న కదలకుండా పడుకుందామనుకున్నాను. కానీ మా వృద్ధాశ్రమంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఐర్లండ్‌కొచ్చి, ఈ ట్రలీ ఊళ్లో ఉంటూ ఇప్పటిదాకా డింగిల్ ఊరికి వెళ్లి రెన్ డే, అంటే 26న జరిగే రెన్ పిట్ట పండుగ, చూడలేదా అని వారం నుంచి ఒకటే పోరు.

ఆయన చిన్నప్పుడు ఆ పొద్దున పిల్లలు కర్రలతో ముళ్లపొదలు బాది రెన్ పిట్టను పట్టేవాళ్లట. పది గ్రాములుంటే ఎక్కువ, అంత పిట్ట. దాన్ని చంపి, హోలీ అనే ముళ్ల ఆకుల చెట్టు కొమ్మకు కట్టి, పాతిపెట్టడానికి డబ్బులివ్వమని ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్లు. ఇవ్వనివాళ్ల గుమ్మం ముందు పాతితే ఆ ఇంటికి ఏడాదంతా అచ్చిరాదని భయం. ఇంతకీ పిట్ట చేసిన పాపమేంటి? దాక్కున్న క్రైస్తవ సాధువు సెయింట్ స్టీఫెన్‌ను అరిచి పట్టించిందని ఒక కథ. సముద్రం మీదుగా దండెత్తి వచ్చిన వైకింగుల మీదికి ఐర్లండ్ వాళ్లు చడీచప్పుడు లేకుండా వెళ్తుంటే డ్రమ్ము మీద ముక్కుతో పొడిచి వాళ్లను లేపిందని ఇంకోటి. నాకైతే రెండూ చంపాక అల్లుకున్న సాకుల్లాగే ఉన్నాయి. పైగా పాటలో దాన్నే పక్షులకు రాజంటారు!

ఇప్పుడు పిట్టల జోలికి పోరు. డింగిల్‌లో గ్రీన్ అండ్ గోల్డ్, గోట్ స్ట్రీట్ లాంటి జట్లు డ్రమ్ములు, ఫైఫులనే చిన్న పిల్లనగ్రోవులు వాయించుకుంటూ వీధులన్నీ తిరుగుతాయి. వచ్చిన డబ్బులు మంచి పనులకు ఇస్తారు. వేషం కట్టినవాళ్లకు తల నుంచి మోకాళ్ల దాకా గడ్డే. ముఖం మీద కూడా గడ్డి కుచ్చే, కళ్లు ఎక్కడున్నాయో తెలీదు. వాన తుంపరకు తడిసి, మా ఊళ్లో కుప్ప నూర్చినప్పటి వాసన గుప్పుమంది.

మా ఊరికొచ్చే పగటివేషగాళ్లు ఎక్కడివాళ్లో. వేషం తీసేసినా మనకు తెలియని ముఖమే. ఇక్కడ వేషం కట్టేది పక్కింటివాళ్లు, పాలు అమ్మేవాళ్లు, బ్యాంకులో ఎదురుగా కూర్చునేవాళ్లు. ఆ సంగతి అప్పటిదాకా నా బుర్రకు ఎక్కలేదు.

ఒక గడ్డిమనిషి నా ముందుకొచ్చి డబ్బా గలగలమనిపించాడు. రెండు యూరోలు వేశాను. కదల్లేదు. గొంతు మార్చి, నా పేరు పెట్టి పిలిచి, "నిన్న చేసింది చాలదా, రేపు కూడా పొద్దుటి డ్యూటీయేనా?" అని అడిగి గుంపులో కలిసిపోయాడు. గుండె ఝల్లుమంది, వెంటనే నవ్వాగలేదు.

మర్నాడు డ్యూటీలో కనిపించినవాళ్లందరినీ పరీక్షగా చూశాను. వంటగదిలో పనిచేసే ఆవిడ మెడ మీద సన్నటి ఎర్రటి గీతలున్నాయి. ఏమైందని అడిగితే పిల్లి గీరిందంది.

ఆవిడకు పిల్లి లేదు.