గురుడు, శని కలిసిన వారం: మేడ మీది టెలిస్కోప్ లాగ్

డిసెంబర్ 13, 2020, హైదరాబాద్. 6 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ (చేత్తో తిప్పే సాదా టెలిస్కోప్), ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1200 మి.మీ. 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే కటకం) 48 రెట్లు, 10 మి.మీ.తో 120 రెట్లు.

కరోనా రోజుల్లో ఒకే ఐపీస్‌కి అందరూ కన్ను ఆనించకూడదు. స్పిరిట్‌తో మాటిమాటికీ తుడిస్తే అద్దం మీది పూత పాడవుతుంది. మాస్కు పై అంచు నుంచి వచ్చే ఊపిరికి అద్దం మసకేస్తుంది కూడా. అందుకే 25 మి.మీ. ఐపీస్‌కి ఫోన్ అడాప్టర్ బిగించాం, తెరని ఎడంగా నిలబడి చూడొచ్చు. ఫోన్ బరువుకి గొట్టం ముందుకి వాలిపోయింది. గొట్టం ఇనుపదే కాబట్టి వెనకవైపు అయస్కాంతాలు అంటిస్తే నిలబడింది.

గురుడు మాత్రం తెల్లటి ముద్దలా వచ్చాడు. చుట్టూ చీకటి కావడంతో కెమెరా తనంతట తనే వెలుతురు పెంచేస్తుంది. గురుడి మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుతురు బాగా తగ్గిస్తే అడ్డ పట్టీలు రెండు తేలాయి. అప్పుడు గురుడి చంద్రులు మాయం! వాటికోసం మళ్లీ పెంచాలి. రెండూ ఒకే ఫోటోలో రావు.

డిసెంబర్ 17. ఆకాశంలో రెండు గ్రహాల మధ్య కనిపించే దూరం సుమారు చందమామ వెడల్పంత. పక్కనే నెలవంక ఉండటంతో హోమ్ ఐసోలేషన్‌లో ఉన్నవాళ్లు కూడా బాల్కనీ నుంచి ఇట్టే పట్టుకున్నారు. గ్రూప్ కాల్‌లో దిక్కు చెప్పే పద్ధతి కూడా ఇవాళే కుదిరింది: నైరుతికి తిరిగి చెయ్యి చాచి, ఇళ్ల కప్పుల మీద నుంచి రెండు పిడికిళ్ల ఎత్తు కొలవాలి.

డిసెంబర్ 21. దూరం చందమామ వెడల్పులో ఐదో వంతే. 1623 తర్వాత ఇంత దగ్గరగా రావడం ఇదే. టెలిస్కోప్‌ని 5 గంటలకే బయట పెట్టాం, లోపలి పెద్ద అద్దం చల్లబడకపోతే బొమ్మ నీళ్లలోలా కదులుతుంది. 120 రెట్లలో గురుడు, చంద్రులు, వలయంతో సహా శని ఒకే చూపులో! ట్రాకింగ్ (ఆకాశం కదలికతో పాటు తనంతట తనే తిరగడం) లేదు కాబట్టి రెండు నిమిషాల్లోపే జారిపోతాయి, మళ్లీ మధ్యకి తేవడానికి ఒకరు అక్కడే ఉండాలి. 7 దాటితే మరీ కిందికి దిగి మసకబారతాయి.

6:30కి కాల్‌లో అందరూ ఒక్కసారే చూశారు. ఈ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి అందులో. ఆ వేళ పాఠం చెప్పొద్దు. ఎటు చూడాలో చెప్పి ఊరుకోవాలి. చివర్లో మాత్రం ఒక తేదీ చెప్పాం: ఇవి మళ్లీ ఇంత దగ్గరయ్యేది 2080 మార్చి 15న, కాల్‌లో ఉన్న పిల్లలు చూడగలిగేదే. పిల్లలు రాసుకున్నారు.

జనవరికి ఓరియన్ నెబ్యులా (ఓరియన్ నక్షత్రాల గుంపులోని వాయు మేఘం). రాత్రి 8కి తూర్పున, తొందర లేదు. దానికి ఫోన్ తెర కంటే కన్నే మేలు కాబట్టి ఇంటికొక 25 మి.మీ. ఐపీస్ సమకూర్చుకోవాలి.