జిప్పు దగ్గర ఇరవై నిమిషాలు

మా అమ్మాయికి ఏడాది నిండగానే నా భార్య తిరిగి ఉద్యోగంలో చేరింది, నేను ఆరు నెలలు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. స్వీడన్‌లో ఒక్కో బిడ్డకు తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యం ఉంటుంది. అందులో చెరి 90 రోజులు రెండోవారికి బదలాయించడానికి వీల్లేదు కనుక తండ్రి వాడుకోకపోతే అవి పోయినట్టే. ఈ లెక్కంతా ఫోనులో ఓపికగా విన్న మా నాన్నగారు, రాజమండ్రి నుంచి మర్నాడు అమ్మ చేత అడిగించారు: "ఉద్యోగం ఉన్నట్టేనా?"

సెలవు ముగిశాక అమ్మాయి ప్రీస్కూల్లో చేరింది. నేను అసలు పాఠం నేర్చుకున్నది అక్కడి చెప్పుల గదిలో, దానికి మూడేళ్లు వచ్చిన చలికాలంలో. బయట ఆడుకోవడానికి పిల్లలు మందపాటి ఓవరాల్, బూట్లు, టోపీ, చేతి తొడుగులు తామే వేసుకోవాలి. ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక కాలు దూర్చి, రెండోది మరిచి, జిప్పుతో కుస్తీ పడుతున్న మా అమ్మాయిని చూసి నేను చెయ్యి చాపితే, నేల మీద కూర్చున్న టీచరు నవ్వుతూ ఆపింది. అమ్మాయి కూడా "షెల్వ్" అంది, అంటే నేనే చేసుకుంటానని. అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టి, బొత్తాలు పెట్టి, బడి బస్సు అందుకోవడానికి పరుగెత్తించే ఇంట్లో పెరిగిన నాకు ఆ ఇరవై నిమిషాలు ఒక శిక్షలాగే తోచాయి. ఆలస్యం అమృతం విషం, నిదానమే ప్రధానం: రెండూ మన మాటలే, మా ఇంట్లో మాత్రం మొదటిదే చెల్లుబాటు. ఆ టీచరు సోమరి కాదనీ, ఆ ఇరవై నిమిషాలనూ దినచర్యలో ముందే లెక్కగట్టి పెట్టుకున్నారనీ నాకు అర్థమయ్యేసరికి శీతాకాలం గడిచిపోయింది.

ఆఫీసులో ఉదయం, మధ్యాహ్నం అందరూ కాఫీకి కూర్చునే "ఫీకా" ఉంటుంది. దాని గురించి అందరూ రాస్తూనే ఉన్నారు, కనుక దాన్ని వదిలేస్తాను. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. మా బృందంలో సగం మంది హైదరాబాదులో ఉంటారు, చలికాలంలో వారికీ మాకూ నాలుగున్నర గంటల తేడా. నేను మూడింటికి పెట్టే సమావేశం వారికి రాత్రి ఏడున్నరకు మొదలయ్యేది. అది ముగించుకుని నేను తీరిగ్గా నడిచి వెళ్లి అమ్మాయిని తీసుకొస్తుంటే, అక్కడివారు ట్రాఫిక్‌లో చిక్కుకుని, తమ పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరేవారు. నా నిదానానికి వారి సాయంత్రాలు ఖర్చవుతున్నాయని నాకు తట్టడానికి రెండేళ్లు పట్టిందంటే సిగ్గుగానే ఉంది. సమావేశాన్ని ఉదయం తొమ్మిదికి, అంటే వారి మధ్యాహ్నం ఒకటిన్నరకు మార్చినప్పుడు ఒక సహోద్యోగి విడిగా ఫోను చేసి అడిగారు: "అన్నా, ప్రాజెక్టు ఆపేస్తున్నారా?" మా నాన్నగారి ప్రశ్నే అది, కాస్త మారింది, అంతే.

ఇక్కడి నిదానమంతా బంగారమని నేననను. చట్టమూ పన్నులూ మోస్తున్న నిదానం అది. ఆరోగ్య కేంద్రంలో అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూసేటప్పుడు నాకూ ఒళ్లు మండుతుంది.

అయితే ఇంట్లో ఒక చోట దాన్ని కావాలనే పాటిస్తున్నాను. అమ్మాయి తెలుగు మాట కోసం తడుముకుంటే ఇదివరకు వెంటనే అందించేవాణ్ణి, నేను అందించిన మాటనే అది తిరిగి అనేసి ఊరుకునేది. ఇప్పుడు ఆగుతున్నాను. ఇక్కడ అడవిలో పళ్లు ఎవరైనా కోసుకోవచ్చు. మొన్న సెప్టెంబరులో ఒక గిన్నెడు లింగన్ పళ్లు కోసుకొచ్చి, వీడియోలో నాయనమ్మకు చూపిస్తూ వాటిని ఏమనాలో తెలియక ఆగిపోయింది. అమ్మ రెండుసార్లు మాట అందించబోతే నేను వేలు అడ్డం పెట్టాను. ఎర్రగా, అంది. పుల్లగా, అంది. చాలాసేపు పైకప్పు కేసి చూసింది. కిందటి వేసవిలో రాజమండ్రిలో తిన్న పప్పు గుర్తుకొచ్చినట్టుంది.

"చిట్టి వాక్కాయలు, నాయనమ్మా."