ఆల్ సెయింట్స్ రోడ్డు నుంచి ఓల్డ్ బెయిలీ దాకా

లండన్‌లో నాటింగ్ హిల్ కార్నివాల్ ఆగస్టు చివరి వారాంతపు ఆది, సోమవారాల్లో జరుగుతుంది. కరీబియన్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ తమ పాటను, తిండిని, వీధిని ఎలా నిలుపుకున్నారో చూడాలంటే మాత్రం ఆ రెండు రోజులూ పనికిరావు. రద్దీ వల్ల లాడ్‌బ్రోక్ గ్రోవ్ స్టేషన్ మూసేస్తారు, దుకాణాలకు చెక్కలు కొట్టేస్తారు. అందుకే నేను మామూలు పనిరోజున వెళ్లాను.

వెస్ట్‌బోర్న్ పార్క్ స్టేషన్‌లో దిగితే ఆల్ సెయింట్స్ రోడ్డు కొద్దిపాటి నడక. 8వ నంబరు దగ్గర ఆగాలి. ట్రినిడాడ్‌లో పుట్టిన ఫ్రాంక్ క్రిచ్‌లో 1968లో మాంగ్రోవ్ రెస్టారెంటు తెరిచింది ఇక్కడే. 1969 జనవరి నుంచి 1970 జూలై లోపు పోలీసులు 12 సార్లు సోదా చేశారు. మత్తుమందుల కోసమన్నారు, ఒక్కసారీ దొరకలేదు. ఇక లైసెన్సు మీద పడ్డారు. రాత్రంతా తెరిచి ఉంచే అనుమతి పోయింది. 11 దాటాక జనం మొక్కజొన్న తిన్నారనీ, టీ తాగారనీ కూడా కేసు పెట్టారు! రాత్రి బేరమే ఆ హోటలుకు ప్రాణం. సరిగ్గా అక్కడే నొక్కారు.

దీనికి నిరసనగా 1970 ఆగస్టు 9న సుమారు 150 మంది ఊరేగింపుగా కదిలారు. పోర్ట్‌నల్ రోడ్డులో పోలీసులతో ఘర్షణ జరిగింది. 9 మంది మీద అల్లర్ల కేసు పడింది.

నాటింగ్ హిల్ గేట్‌లో సెంట్రల్ లైన్ మెట్రో ఎక్కి సెయింట్ పాల్స్‌లో దిగితే ఓల్డ్ బెయిలీ కోర్టు దగ్గరే. సందర్శకుల గ్యాలరీకి దారి వార్విక్ పాసేజ్ నుంచి, టికెట్టు లేదు. ఫోను, కెమెరా, సంచీ లోపలికి రానివ్వరు, దాచుకోవడానికి లాకర్లూ ఉండవు. బసలోనే వదిలి వెళ్లండి.

1971లో ఆ తొమ్మిది మంది మీద విచారణ ఇక్కడే 55 రోజులు నడిచింది. వాళ్లలో డార్కస్ హౌ, ఆల్థియా జోన్స్-లెకోయింట్ వకీళ్లను పెట్టుకోకుండా తామే వాదించుకున్నారు. తన సాటివాళ్లే తీర్పు చెప్పాలన్న పాత ఇంగ్లీషు హక్కుల పత్రం మాగ్నా కార్టాను చూపి, తీర్పు చెప్పే పౌరుల బృందం, అంటే జ్యూరీ, మొత్తం నల్లజాతివాళ్లతోనే ఉండాలన్నారు. జడ్జి ఒప్పుకోలేదు. అప్పటి చట్టంలో కారణం చెప్పకుండానే ఒక్కో నిందితుడు ఏడుగురు జ్యూరర్లను కాదనవచ్చు. తొమ్మిది మందీ కలిసి ఆ హక్కుతో 63 మందిని తిప్పి పంపారు. 12 మందిలో ఇద్దరు నల్లవాళ్లు వచ్చారు. ఊరేగింపు రోజు వ్యానులో కూర్చుని అంతా చూశామన్న పోలీసుల మాటనూ హౌ వదల్లేదు. ఆ వ్యానులోంచి బయటికి చూసే సందు ఎంత ఇరుకో చూపి, ఒకేసారి అందరూ చూడటం కుదరదని తేల్చాడు.

అల్లర్ల అభియోగం ఎవరి మీదా నిలవలేదు. ఐదుగురు అన్ని కేసుల్లోనూ నిర్దోషులయ్యారు. జాతి ద్వేషం పోలీసులతో సహా రెండు వైపులా కనిపించిందని జడ్జి ఎడ్వర్డ్ క్లార్క్ అన్నాడు. ఆ మాట వెనక్కి తీయించాలని పోలీసు శాఖ ప్రయత్నించింది, సాగలేదు.