వెయ్యి ల్యూమెన్ల కథ

రాత్రి తొమ్మిదింటికి ఉప్పల్ నుంచి తార్నాకకు సైకిల్ మీదే వస్తాను. మొదట కొన్న చవక లైటుకు సీఆర్2032 బిళ్ల బ్యాటరీలు. నెల తిరక్కుండానే మిణుగురు పురుగైంది. బ్యాటరీల ఖర్చు లైటు ధరను దాటింది.

ఈసారి కోఠిలో 450 రూపాయలు పెట్టి, యూఎస్‌బీతో చార్జ్ చేసుకునేది తెచ్చాను. డబ్బా మీద వెయ్యి ల్యూమెన్లని రాసి ఉంది; ల్యూమెన్ అంటే వెలుగు కొలత. ఆ ధరకు అంత వెలుగా! సరే, వీధి దీపాలున్న దారికి రెండు వందల ల్యూమెన్లున్నా చాలు. తీరా నేరుగా ముందుకు చూసేలా బిగిస్తే, ఎదురొచ్చిన ఆటో పెద్దాయన బండి ఆపి, "బాబూ, కళ్లు పోతున్నాయి, కాస్త కిందికి వంచు" అన్నారు. వంచాను. అప్పుడు కనిపించాయి గుంతలు.

వెనక ఎర్రలైటు మాత్రం మొన్నటి వానలో తడిసినా వెలుగుతూనే ఉంది. నా బ్యాగు దాన్ని పూర్తిగా కప్పేస్తోందని నిన్ననే తెలిసింది.