అమ్మ మాట కొడుకు చేత చెప్పించకూడదట

"అబ్బాయిని బయట కూర్చోబెట్టండి. మీరూ అనువాదం చేయొద్దు, ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లోకి వస్తున్నారు" అంది నర్సు. నాకు చురుక్కుమంది.

నేను ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో కమ్యూనిటీ హెల్త్ వర్కర్‌ని. మన ఆశా కార్యకర్త పనిలాంటిదే అనుకోండి. నేను చూసే కుటుంబాలు ఎక్కువగా భూటాన్ వెళ్లగొట్టిన, నేపాలీ మాట్లాడేవాళ్లవి. 1990ల మొదట్లో ఊళ్లు వదిలి, నేపాల్‌లోని ఝాపా, మోరంగ్ శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపి, 2008 నుంచి అమెరికా చేరినవాళ్లు. ఆ రోజు నేను ఆస్పత్రికి తీసుకెళ్లింది అలాంటి ఒక తల్లిని, వెంట కొడుకూ ఉన్నాడు. ఆమెకు హిందీ కాస్త వచ్చు, నాకూ వచ్చు. వారం వారం వాళ్లింటికి వెళ్లేదాన్ని. అలాంటి నన్ను నోరు మూసుకోమంటారా?

అబ్బాయి ఏడో తరగతి. కరెంటు బిల్లులూ స్కూలు ఉత్తరాలూ చదివి చెప్పేది వాడే. ఆస్పత్రిలో తల్లి తరఫున మాట్లాడితే తప్పేమిటనిపించింది. మన దగ్గర డాక్టరు "ఏమ్మా, ఏంటి బాధ?" అంటే జవాబు చెప్పేది భర్తో, కొడుకో. దాన్ని మనం తోడు అంటాం. ఇక్కడ అలా కుదరదు. అత్యవసరమైతే తప్ప ఆస్పత్రులు పిల్లల చేత అనువాదం చేయించకూడదని 2016 నాటి ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది.

ఆ రోజు అడిగింది ఆర్‌హెచ్‌ఎస్-15 ప్రశ్నలు. శరణార్థుల మనోవేదనను పసిగట్టడానికి సియాటిల్‌లో తయారైన పత్రం అది. మొదటి ప్రశ్న దిగులు గురించి కాదు, కండరాలు, ఎముకలు, కీళ్ల నొప్పుల గురించి. రాసినవాళ్లెవరో గానీ మన ఆడవాళ్లు బాధను ఎక్కడ దాచుకుంటారో తెలిసినవాళ్లే. నెలల తరబడి నాకు నడుం నొప్పి అని మాత్రమే చెప్పిన మనిషి, ఫోన్‌లో ముక్కూ మొహం తెలియని ఒక నేపాలీ ఆడగొంతుకు మిగతాదంతా చెప్పింది. పిల్లలు పడుకున్నాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తుందట. కొడుకు పక్కన ఉంటే ఆ మాట వచ్చేదా? నాకూ చెప్పలేదే! రేపు మళ్లీ వాళ్లింటికి వెళ్లి ఎదురుగా కూర్చునేదాన్ని కాబట్టే చెప్పలేదేమో.

2009-2012 మధ్య అమెరికాలో భూటాన్ శరణార్థుల ఆత్మహత్యలపై అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రత్యేకంగా పరిశీలన జరిపింది. అది తెలిసి కూడా ఆ నిబంధన మీద విసుక్కునే హక్కు నాకు లేదు.

అయినా ఒకటి మాత్రం ఒప్పుకోలేను. అపాయింట్‌మెంట్ అయిపోగానే ఫోన్ కట్ అవుతుంది. కౌన్సెలింగ్‌కి ఏ బస్సెక్కాలో, నిద్రమాత్ర పేరు వింటే ఆమె ఎందుకు జంకుతుందో ఆ గొంతుకు తెలియదు. గదిలో వద్దనుకున్న హిందీయే బస్‌స్టాప్‌లో పనికొస్తోంది. ఆ పనికి నిబంధనల్లో పేరూ లేదు, గంటల లెక్కా లేదు. నాకు కోపం అక్కడ.

ఇప్పుడు ఎవరికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా ఇంటర్‌ప్రెటర్‌గా ఆడమనిషే కావాలని ముందే అడుగుతున్నాను. ఆమెకైతే బడి టైములోనే తీసుకుంటున్నాను. అబ్బాయి బడిలోనే ఉంటాడు, క్లాసు పోగొట్టుకుని రావలసిన పని లేదు.