ఆపద కోసమే పుట్టిన దళం, అది వచ్చేలోపు మేము

1989 నవంబరు 8 రాత్రి నెల్లూరు జిల్లా కావలి దగ్గర తుపాను తీరం దాటినప్పుడు నాకు పదిహేనేళ్ళు. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి సన్నని భూభాగాన్ని దాటుకుని బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్ళీ బలం పుంజుకుని మా మీద విరుచుకుపడిన ఆ తుపానుకు 'గే' అనే పేరుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. మా ఊళ్ళో దాన్ని ఇప్పటికీ కావలి తుపాను అనే అంటారు.

ఆ రాత్రి మా వీధి చివరి పెంకుటిల్లు కూలి, ఆ ఇంటి పెద్దాయన దూలం కింద చిక్కుకున్నారు. తెల్లవారి గాలి తగ్గాక మగవాళ్ళందరూ పలుగులు, పారలు పట్టుకుని పరుగెత్తారు. నేను మట్టి తట్టలు మోశాను. లోపలి నుంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది. నీళ్ళు కావాలన్నారు, కాళ్ళు తిమ్మిరెక్కి కదలడం లేదన్నారు, గొడ్లు ఏమయ్యాయని అడిగారు. ఒకవైపు తవ్వుతుండగా రెండోవైపు నిలిచి ఉన్న మొండిగోడ ఒరిగి, అప్పటిదాకా తీసిన మట్టి కంటే ఎక్కువ మట్టి మళ్ళీ మీద పడింది. దానికి ముందుగా ఊత పెట్టాలని ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నానికి పదిమంది భుజాలు పెట్టి దూలాన్ని లేపారు. లేపేదాకా మాట్లాడుతున్న మనిషి, బయటికి తీసిన కాసేపటికే ప్రాణం విడిచారు. నూకలు అంతవరకే ఉన్నాయని పెద్దలు అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా నేనూ అలాగే అనుకున్నాను.

అది వేరే విధంగా కూడా జరిగి ఉండవచ్చునని నాకు మొదటిసారి చెప్పిన వ్యక్తి జాతీయ విపత్తు స్పందన దళానికి చెందిన ఒక జవాను. 2021 పెన్న వరదల తర్వాతి సంవత్సరం, మా మండలంలోని ఒక సముద్రతీర గ్రామంలో, తుపాను షెల్టరు ముందు ఆ దళం వాళ్ళు శిక్షణ ఇస్తున్నారని తెలిసి చూడటానికి వెళ్ళాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆ జవాను, తన అధికారి హిందీలో చెబుతున్న మాటలను తెలుగులో వివరిస్తున్నాడు. గంటల తరబడి బరువు కింద నలిగిన కండరం లోలోపల చచ్చుబడి విషపదార్థాలను వదులుతుందని, బరువును ఒక్కసారిగా తీసేస్తే అవన్నీ రక్తంలో కలిసి గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయని, అందుకే తమ బృందంలోని వైద్య సిబ్బంది శిథిలాల్లోకి పాకుతూ వెళ్ళి, వీలైతే బరువు ఎత్తకముందే సెలైన్ ఎక్కిస్తారని అతను చెప్పాడు. నేను అక్కడి నుంచి లేచి వచ్చి షెల్టరు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు మా వీధిలో ధైర్యానికి గానీ, మంచితనానికి గానీ, కండబలానికి గానీ లోటు లేదు. లేనిదల్లా ఆ పని తెలిసిన మనిషి.

అప్పటి నుంచి ఈ దళాల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. మన దేశంలో పౌర రక్షణ అనే మాటకు మొదట్లో ఉన్న అర్థం యుద్ధ సమయానికి సంబంధించినది: సైరన్ మోగితే దీపాలు ఆర్పడం, బాంబు పడితే మంటలు ఆర్పడం, గాయపడినవారిని మోయడం. 1968 నాటి పౌర రక్షణ చట్టం ఆ దృష్టితోనే వచ్చింది. తుపానులకు, వరదలకు మాత్రం చాలాకాలం పాటు పోలీసులో, చివరికి సైన్యమో రావలసిందే. 1999 ఒడిశా పెను తుపాను, 2001 భుజ్ భూకంపం, మన తీరాన్ని కూడా తాకిన 2004 సునామీ ఒకదాని వెంట ఒకటి వచ్చాక, 2005 డిసెంబరులో విపత్తుల నిర్వహణ చట్టం చేశారు. దాని కింద 2006లో జాతీయ విపత్తు స్పందన దళం ఏర్పడింది. ఇది సైన్యం కాదు. సరిహద్దు భద్రతా దళం, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ అనే కేంద్ర సాయుధ పోలీసు బలగాల నుంచి రెండేసి చొప్పున తీసుకున్న ఎనిమిది బెటాలియన్లతో మొదలై, నేడు 16 బెటాలియన్లకు చేరిన, కేంద్ర హోం శాఖ కింద పనిచేసే దళం.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచే సంవత్సరం 2008. మొదటి రెండేళ్ళూ ఈ బెటాలియన్లను మామూలు శాంతిభద్రతల పనులకు కూడా వాడేవారు. 2008 ఫిబ్రవరిలో వచ్చిన నియమాలతో ఇది విపత్తుల పనికే పూర్తిగా అంకితమైన దళంగా మారింది. కాగితం మీద ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. నిన్న ఎన్నికల బందోబస్తులో నిలబడి, నేడు పడవ ఎక్కి, రేపు మళ్ళీ లాఠీ పట్టుకునే మనిషికి, సంవత్సరమంతా తాళ్ళు, పడవలు, కోత యంత్రాలు, కూలిన గోడల మధ్యనే సాధన చేసే మనిషికి ఉన్న తేడా ఎంతటిదో, మా వీధి చివరి ఆ దూలాన్ని మోసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఒక్కో బెటాలియన్‌లో 45 మందితో కూడిన బృందాలు 18 ఉంటాయి. ప్రతి బృందంలోనూ ఇంజనీర్లు, ఎలక్ట్రీషియన్లు, వైద్య సహాయకులు, వాసన పట్టే కుక్కలను నడిపించేవారు ఉంటారు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంప శిథిలాల నుంచి ఆరేళ్ళ, ఎనిమిదేళ్ళ ఆడపిల్లలిద్దరిని ప్రాణాలతో బయటికి తీసినవారు ఇలాంటి బృందాల వారే.

ఇదే పనిని సైన్యంలోనే ఒక ప్రత్యేక విభాగానికి అప్పగించిన దేశాలూ ఉన్నాయి. 2005 వేసవిలో గ్వాదలహారా అడవి మంటల్లో పదకొండు మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయాక, ఆ అక్టోబరులోనే స్పెయిన్ తన సైనిక దళాల్లో 'మిలిటరీ ఎమర్జెన్సీ యూనిట్' అనే విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఆ సైనికులు పసుపు రంగు టోపీలు పెట్టుకుని అడవి మంటలు, వరదలు, భూకంపాలు, మంచు తుపానుల మీదికి వెళతారు. ఫ్రాన్సులో పౌర భద్రతా సైనిక విభాగాల వారు సైన్యపు ఇంజనీరింగ్ శాఖకు చెందినవారైనా, పనిచేసేది హోం శాఖ చేతి కింద. సైన్యానికి ఉండే క్రమశిక్షణ, వాహనాలు, ఆదేశం రాగానే కదిలే అలవాటు ప్రజల ప్రాణరక్షణకే పూర్తిగా ఉపయోగపడాలన్నది ఈ ఏర్పాట్ల వెనుక ఉన్న ఆలోచన. మన సైన్యం కూడా పిలిస్తే వస్తుంది, ఎన్నోసార్లు వచ్చింది. కానీ దాని అసలు కర్తవ్యం వేరు. అందుకే మనం ఎంచుకున్న పద్ధతి సరైనదని నా అభిప్రాయం.

ఇలాంటి దళం వల్ల కలిగే అసలు మేలు ఆపద తర్వాత కాక ముందే కనబడుతుంది. వాయుగుండం బలపడుతోందని వాతావరణ శాఖ చెప్పగానే బృందాలు తీరప్రాంత పట్టణాలకు చేరి, గాలి నింపే పడవలను ఊది, రంపాలకు ఇంధనం పోసి సిద్ధంగా కూర్చుంటాయి. 1989లో మా ఊరి దారికి అడ్డంగా పడిన వేపచెట్లను గొడ్డళ్ళతో నరికి తొలగించడానికి మాకు మూడు రోజులు పట్టింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన మర్నాడు, మోటారు రంపాలతో ఇద్దరు మనుషులు ఒక పెద్ద చెట్టును ఇరవై నిమిషాల్లో ముక్కలు చేసి పక్కకు లాగడం రోడ్డు మీద నిలబడి చూశాను. ఆ దారిలో వెనకాల అంబులెన్సు ఆగి ఉంది.

అయితే నెల్లూరు జిల్లాకు ఒక చిక్కు ఉంది. మన రాష్ట్రానికి చెందిన పదో బెటాలియన్ గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఉంది. తమిళనాడులోని నాలుగో బెటాలియన్ అరక్కోణంలో ఉంది. మనం రెండింటికీ మధ్యలో ఉన్నాం. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరంతా పెన్నలో కలిసి సోమశిల మీదుగా మా మీదికి వచ్చినప్పుడు, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అంటే ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళు పెన్నకు ఉత్తరానే ఆగిపోవలసిన పరిస్థితి. ఆ వరదలోనే, సహాయానికి వచ్చిన రాష్ట్ర విపత్తు దళం కానిస్టేబుల్ ఒకరు దామరమడుగు దగ్గర ప్రాణాలు కోల్పోయారు. ఎక్కడో పుట్టి, మా ఊరి వాళ్ళ కోసం మా నీళ్ళలో పోయిన ఆ మనిషిని తలచుకోకుండా నేను ఆ దారిలో వెళ్ళలేను. వర్షాకాలం మొదలు కాగానే పెన్నకు రెండు ఒడ్డులా చెరొక బృందం స్థిరంగా ఉండాలని, ఒంగోలు వైపు గుండ్లకమ్మకు కూడా అలాంటి ఏర్పాటు ఉండాలని నేను కోరుకుంటున్నాను. హెచ్చరిక వచ్చాక పంపడం ఒక పద్ధతి. దారి తెగే చోటు ముందే తెలిసినప్పుడు, ఆ చోటుకు రెండువైపులా మనుషులను ఉంచడం అంతకంటే మేలైన పద్ధతి.

అంతవరకు, ఆ బృందం చేరేలోపు గడిచే గంటలు ఊరివాళ్ళవే. అందుకే ఆ షెల్టరు ముందు జరిగిన శిక్షణ నాకు అంత విలువైనదిగా కనిపించింది. మూతలు గట్టిగా బిగించిన ఖాళీ నీళ్ళ సీసాలను ఛాతీకి, వీపుకు వచ్చేలా పాత చీరలో వరుసగా చుట్టి కట్టుకుంటే మనిషి నీటిలో తేలుతాడని చేసి చూపించారు. ఎండు కొబ్బరికాయలతో, ఖాళీ నూనె డబ్బాలతో కూడా అదే పని జరుగుతుంది. తర్వాత, లాగినకొద్దీ బిగుసుకుని నడుమును కోసేయకుండా వదులుగానే నిలిచే ముడిని ఆ జవాను నెమ్మదిగా రెండుసార్లు వేసి చూపించాడు. ముందు వరుసలో కూర్చున్న పట్టపు (జాలరి) పెద్దాయన ఒకరు లేచి తాడు అందుకుని, చేతులు వెనక్కు పెట్టుకుని, చూడకుండానే అదే ముడి వేశారు. "అబ్బయ్యా, తెప్పను కట్టేది దీంతోనే. మనిషిని కట్టొచ్చని మాత్రం ఇప్పుడే తెలిసింది" అన్నారు. జవాను ఆయన చేతులు పట్టుకుని, ఆ వేగం తనకూ నేర్పమని అడిగాడు. ఆ తర్వాత అరగంట సేపు శిక్షణ ఇచ్చింది ఆ పెద్దాయనే.

వెళ్ళేముందు ఆ బృందం వాళ్ళు సీసాలను, తాళ్ళను ఒక గోతంలో వేసి షెల్టరు మెట్ల కింద గదిలో పెట్టించారు. ప్రతి ఏడాదీ అక్టోబరులో, ఈశాన్య రుతుపవనాలు దిగకముందే, వెళ్ళి ఆ గోతం విప్పి చూసి వస్తున్నాను. కిందటిసారి చూస్తే నాలుగు సీసాలకు మూతలు లేవు, ఒక తాడు ఎలుకలు కొరికి సగానికి తెగి ఉంది. సీసాలు అక్కడి అంగట్లోనే దొరికాయి. తాడు ఆ పెద్దాయన మనవడు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.